గంటలో గుంటూరు

2001 ఫిబ్రవరి. చిలకలూరిపేటలో హైవే పక్కన, ఒక జిన్నింగు మిల్లు ప్రహరీగోడకు ఆనుకుని నా షెడ్డు ఉండేది. పత్తి సీజను నడిచినన్నాళ్లూ మిల్లులోంచి దూది ఎగిరొచ్చి మా పానాల మీద, గ్రీజు డబ్బాల మీద, తలల మీద వాలుతుండేది. మధ్యాహ్నానికల్లా నా గడ్డం నెరిసిపోయినట్టు కనబడేది. మా ఆవిడ అన్నం క్యారేజీ తెచ్చి, ముందు నన్ను దులిపి ఆ తర్వాత మూత తీసేది.

నేను అంబాసిడర్ మెకానిక్కుని. మారుతీలు వచ్చి ఊరంతా నిండిపోయాక కూడా నేను అంబాసిడర్‌ని వదల్లేదు. బానెట్ మీద చెయ్యి వేసి, లోపల ఏ వాల్వు కొట్టుకుంటోందో చెప్పేవాణ్ని. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ రోజుల్లో నాకు గొప్పలు చాలానే ఉండేవి. అవి ఎలా దిగిపోయాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పాత కారు తెచ్చినవాళ్లందరిదీ ఒకటే గొడవ, మైలేజీ. లీటరుకి ఇంకో రెండు కిలోమీటర్లు వచ్చేట్టు చూడమనేవాళ్లు. ఇంకా ఫాస్టుగా పోవాలని అడిగింది నా సర్వీసు మొత్తంలో ఒక్కరే. ఆయన పేరు వెంకటేశ్వర్లు. పేటకు పడమరగా పది కిలోమీటర్ల అవతల పల్లెటూరు. మిరపకాయల కమిషన్ వ్యాపారి. రైతుల కల్లాల చుట్టూ తిరిగి, మచ్చులు కట్టించుకుని గుంటూరు యార్డుకు తీసుకెళ్లి, ధర మాట్లాడి సరుకు అమ్మించేవాడు. మచ్చు అంటే కొనేవాడికి చూపించడానికి తీసుకెళ్లే నాలుగు దోసిళ్ల కాయ. ఆయన దగ్గర పద్నాలుగేళ్లుగా ఒకే కారు, తెల్ల అంబాసిడర్, పెట్రోలుది.

"మస్తానూ, ఇది మా ఇంటికాణ్ణించి గుంటూరు పోవడానికి గంటన్నర పడుతోంది. గంటలో పోవాలి. ఏం చేస్తావో చెయ్యి" అన్నాడు బెంచీ మీద కూర్చోకుండానే.

నేను నవ్వాను. "ఏమండీ, ఈ వయసులో రేసులకు పోతారా?"

ఆయన నవ్వలేదు. "మా ఆవిడ శకుంతలకి ఉబ్బసం. నీకు తెలుసు కదా. మొన్న ఆయాసం వచ్చి గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే సగం దారిలో పెదాలు నీలంగా అయిపోయినయ్. ఇంకో పది నిమిషాలు లేటయితే మనిషి దక్కేది కాదన్నాడు డాక్టరు. రెండేళ్లల్లో ఇది ఆరోసారి. నాకు ఆ పది నిమిషాలు కావాలి మస్తానూ."

అప్పటికి 108 అంబులెన్సులు లేవు. పల్లెలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే సొంత కారున్నవాడు అదృష్టవంతుడు. కొత్త కారు కొనచ్చు కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆయాసంతో ఉన్న మనిషి వెనక ఒరిగి పడుకోవాలంటే ఈ సీటే కావాలట. చిన్న కార్లలో మోకాళ్లు గడ్డానికి తగులుతాయట. అదీ నిజమే.

"పది కాదు, ముప్పై నిమిషాలు మిగిలిస్తాను" అన్నాను. మాట ఇవ్వడంలో నాకెప్పుడూ తొందరే.

పన్నెండు రోజులు ఆ కారుతోనే ఉన్నాను. మొదట బ్రేకులు చేశాను. పరుగు పెంచే ముందు ఆగడం చూసుకోవాలి. కుర్రకారు బైకులు తెచ్చినప్పుడు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు. తర్వాత కంప్రెషన్ టెస్టు చేశాను. ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతోందో గేజి పెట్టి చూసే పరీక్ష అది. నాలుగింట్లో రెండు నీరసంగా ఉన్నాయి. హెడ్డు దించి వాల్వులు గ్రైండింగ్ చేయించాను. హెడ్డు అడుగుభాగాన్ని లేత్ మీద కొంచెం అరగదీయించాను. దాన్ని ఫేసింగ్ అంటాం. అలా చేస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఇంజిను బలంగా కొడుతుంది. ఎయిర్ క్లీనర్ విప్పితే దాంట్లో చిన్న దిండు కుట్టుకునేంత దూది ఉంది. కార్బురేటర్ కడిగి జెట్లు మార్చాను. సైలెన్సర్ మసితో పూడుకుపోతే కొత్తది వేశాను.

ఇంతా చేసి హైవే మీదికి తీసుకెళ్తే ఎనభై దాటడానికి ఇంకా మూలుగుతోంది. నాకు ఒళ్లు మండింది. అప్పుడు బరువు మీద పడ్డాను. కారు తేలికైతే పికప్ దానంతటదే పెరుగుతుంది. డిక్కీలో ఉన్న కాటా, ఇనప కడ్డీలు, తడిసిన గోతాలు తీసి బయట పడేశాను. లోపల నేల మీద ఒకదాని మీద ఒకటి రెండు రబ్బరు మ్యాట్లు, వాటి కింద ఫెల్టు పరిచి ఉన్నాయి. ఫెల్టంటే చప్పుడు లోపలికి రాకుండా వేసే మందపాటి కంబళి లాంటిది. ఏళ్ల తరబడి నీళ్లు పీల్చి ముద్దయిపోయింది. అదంతా పెకలించి తీసేశాను. కింద రేకు మీద ఎర్రగా పొడి పేరుకుని ఉంది. చీపురుతో నాలుగు ఊపులు ఊపాను. రెండు తుమ్ములొచ్చాయి. మా వైపు ఫిబ్రవరిలో తుమ్మనివాడెవడు? ఊరూరా కల్లాలే, రోడ్డు మీద పోయే ప్రతి లారీలోనూ టిక్కీలే. మిరపకాయ బస్తాని మేం టిక్కీ అంటాం. ఆ ఘాటు మా ముక్కులకు గాలితో సమానం. రేకుకి అక్కడక్కడా రబ్బరు బిళ్లలు ఊడిపోయిన చిల్లులు కూడా కనబడ్డాయి. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

ఆ సాయంత్రం కారు తొంభై అయిదులో పోయింది. అద్దాలన్నీ దించి, ఒక్కణ్నే, స్టీరింగు మీద తాళం వేసుకుంటూ పోయాను. కళ్లు కాస్త మండాయి. ముందు టిక్కీల లారీ పోతోంది, దాని పుణ్యమే అనుకున్నాను.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి కారు నేనే తీసుకుని వాళ్ల ఊరు వెళ్లాను. ఆ ఇంటి ముందు ఎంత వెతికినా ఒక్క మిరపకాయ కనబడలేదు. మిరప వ్యాపారి ఇల్లు ఫిబ్రవరిలో అలా ఉండటం నేనెక్కడా చూడలేదు. అదే అన్నాను.

"రానిస్తానా?" అన్నాడు వెంకటేశ్వర్లుగారు. "డాక్టరు చెప్పిన రోజునుంచీ కాయ గడప దాటి రాలేదు. గోడౌను ఊరవతలికి మార్చా. కారం కూడా మా తమ్ముడింట్లో దంపిస్తాం. నేను యార్డునుంచి రాగానే బయటే స్నానం చేసి, బట్టలు మార్చుకుని లోపలికి పోతా."

శకుంతలమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. సన్నటి మనిషి, నవ్వు ముఖం. ఆ రోజు ఆమెకి ఏ ఆయాసమూ లేదు. మెట్లు దిగి వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

"నా కోసమేనట కదా తమ్ముడూ ఇదంతా! ఏదీ, ఒకసారి తిప్పు. ఎంత స్పీడో నేనూ చూడాలిగా. ఎప్పుడూ కళ్లు తేలేసే ఎక్కుతాను, బాగున్నప్పుడు ఒక్కసారీ ఎక్కలేదు" అంది.

మామూలు రోజుల్లో ఆమె ఆ కారు ఎక్కేది కాదు. కారు ఆయన వ్యాపారానిది. చుట్టాలిళ్లకు, గుడికి వెళ్లాలంటే ఆమె ఆటోలోనో బస్సులోనో పోయేది. ఆ మాట నేను అప్పుడు పట్టించుకోలేదు. నేను చేసిన పని చూపించాలన్న సంబరంలో ఉన్నాను.

నేను డ్రైవింగు, వాళ్లిద్దరూ వెనక సీట్లో. వెంకటేశ్వర్లుగారు ఎక్కగానే అద్దాలన్నీ పైకి తిప్పేశాడు. ఉబ్బసం మనిషికి చలిగాలి తగలకూడదని ఆయన పట్టుదల. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన మాట అది. మా ఇంట్లో అయినా అలాగే చేసేవాళ్లం. ఆమె తల చుట్టూ తువ్వాలు కూడా కప్పాడు. "ఇప్పుడేం కాలేదు కదండీ" అని ఆమె విసుక్కుంటూనే కప్పుకుంది.

పేట దాటేదాకా మెల్లగా పోయాను. హైవే ఎక్కాక తొక్కాను. అప్పట్లో నాలుగు వరసల రోడ్డు పని జరుగుతోంది, కొంత దూరం బాగుండేది, కొంత దూరం కంకర గుట్టలు. బాగున్నచోట తొంభై తాకించాను. "చూశారా!" అన్నాను. "అబ్బో!" అంది ఆమె వెనకనుంచి. ఆ మాట తర్వాత దగ్గింది.

నేను లెక్క చెయ్యలేదు. ఇంకోసారి దగ్గింది. తర్వాత ఆగకుండా దగ్గు. యడ్లపాడు దగ్గరికొచ్చేసరికి దగ్గు పోయి, ఈల వేసినట్టు ఊపిరి చప్పుడు మొదలైంది. నాకు ఆ చప్పుడు అంతకుముందు తెలియదు. ఇంజిన్లో ఎక్కడో గాలి లీకవుతోందనుకున్నాను. సిగ్గులేకుండా రాస్తున్నాను, నా మొదటి ఆలోచన అదే. అద్దంలో వెనక్కి చూస్తే ఆమె ముఖం కనబడింది.

"వచ్చేసింది మస్తానూ! వచ్చేసింది! గుంటూరు పోనియ్! తొక్కు!" అని కేక పెట్టాడు ఆయన.

తొక్కాను. ఆ క్షణంలో నేనిచ్చిన మాట తప్ప నాకేం గుర్తు లేదు. గంటలో గుంటూరు. ఇందుకే కదా చేసింది ఈ బండిని! తొంభై అయిదు. నా కళ్లల్లో నీళ్లు కారుతున్నాయి. ఏడుపనుకున్నాను. అవి మండుతున్నాయి. ఆమె ఈల ఇంకా సన్నబడింది, ఊపిరికీ ఊపిరికీ మధ్య వ్యవధి పెరిగింది. అద్దంలో ఆమె చెయ్యి కనబడింది. అద్దం దించే హ్యాండిల్ని పట్టుకుని తిప్పబోతోంది. ఆయన ఆ చెయ్యి లాగేస్తున్నాడు. "వద్దు శకుంతలా, గాలి తగులుద్ది, వద్దు!" ఆమె మళ్లీ చెయ్యి చాపింది. ఆయన మళ్లీ లాగాడు.

పక్కనుంచి ఎండ లోపలికి పడుతోంది. ఆ ఎండలో, సీటుకీ నేలకీ మధ్య, ఎర్రటి పొడి పొగలా లేస్తోంది.

అరగంట కింద ఈ మనిషి నవ్వుతూ మెట్లు దిగింది. మజ్జిగ ఇచ్చింది. కారు చుట్టూ తిరిగింది. ఇంట్లో రాని జబ్బు కార్లో వచ్చింది. ఈ ముక్కలన్నీ నా బుర్రలో ఒకదానికొకటి తగిలాయి.

బ్రేకు తొక్కాను.

"ఎందుకు ఆపావురా!" వెంకటేశ్వర్లుగారు వెనకనుంచి నా చొక్కా కాలర్ పట్టుకున్నాడు. పద్నాలుగేళ్లలో ఆయన నన్ను రా అనడం అదే మొదలు. "చంపుతావా దాన్ని? పోనియ్!"

"అక్కని కారు దింపండి ముందు! కారులోనే ఉంది అది!" అని అరిచాను. దిగి వెళ్లి వెనక తలుపు లాగాను. ఆమె నా భుజం మీద పడింది. ఇద్దరం కలిసి ఆమెను రోడ్డు దిగువన పత్తిచేను గట్టు మీద కూర్చోబెట్టాం. తువ్వాలు ఊడదీసి పారేశాను. ఆమె రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగి కూర్చుంది. కొంగు ముడిలో ఉన్న పీల్చే మందు తీసుకుని నోట్లో పెట్టుకుంది. ఒకసారి, కాసేపాగి మళ్లీ ఒకసారి.

ఆ పావుగంట ఎలా గడిచిందో నాకు తెలియదు. నేను పొరబడి ఉంటే? గుంటూరు పోయే మనిషిని దారిలో ఆపి చంపినవాణ్నవుతాను. ఆయన ఒక్కో నిమిషానికీ నా వైపు చూస్తున్నాడు. ఆ చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అల్లా, ఈ ఒక్కసారి నా మాట నిజం చెయ్యి అనుకుంటూ నిలబడ్డాను.

ఈల మెల్లగా తగ్గింది. ఆగలేదు, తగ్గింది. ఆమె తల ఎత్తింది. దూరంగా చిలకలూరిపేట వైపునుంచి ఎర్రబస్సు వస్తోంది. ఆమె మాట్లాడలేక చెయ్యెత్తి దాన్ని చూపించింది. నేను రోడ్డు మధ్యలోకి పరిగెత్తి అడ్డంగా నిలబడ్డాను. డ్రైవరు నన్ను తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టి, ఆమెను చూసి నోరు మూసుకుని, కిటికీ పక్క సీటు ఖాళీ చేయించాడు. వాళ్లిద్దరూ ఎక్కారు. ఆ బస్సు నలభై దాటి పోయేది కాదు. తలుపు కూడా సరిగా పడదు.

నేను కారుతో మిగిలాను. వెనక సీటు పట్టుకుని పీకి గట్టు మీద వేశాను. అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాను.

ఎర్రటి మబ్బు లేచింది. నేను వెనక్కి పడ్డాను. ముక్కు, గొంతు, కళ్లు అన్నీ మండిపోయాయి. సీటు లోపలి కొబ్బరి పీచు నిండా, స్ప్రింగుల నిండా కారం. పద్నాలుగేళ్లు ఆ సీటు మీద మచ్చు సంచులు కూర్చున్నాయి. వాటి మీద మనుషులు కూర్చుని కాయ నలిపారు. రంగు చూడటానికి కాయ విరిచి గింజలు రాల్చారు. సీటు కింద రేకు మీద గింజలు పరిచినట్టు ఉన్నాయి. రెండు దోసిళ్లకు తక్కువ కాకుండా ఎత్తాను. ఇన్నాళ్లూ కొంతలో కొంత దీన్ని తడిసిన ఫెల్టు అణిచిపెట్టి ఉంచింది. బరువు తగ్గించే తెలివితో నేను దాన్ని పీకేశాను. చిల్లుల గుండా గాలి లోపలికి కొట్టేట్టు చేశాను. కారు ఎంత ఫాస్టుగా పోతే అంత కారం లేచేట్టు తయారుచేసి, అద్దాలు బిగించి, ఆమెను దాంట్లో కూర్చోబెట్టాను.

ఆ పొడి కొంచెం కాగితంలో పొట్లం కట్టుకుని మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లాను. వరండాలో వెంకటేశ్వర్లుగారు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. "నయంగా ఉంది మస్తానూ. ఈసారి ముందుగా తీసుకొచ్చారు, ఎప్పుడూ ఇలాగే తీసుకురండి అన్నాడు డాక్టరు. ఎప్పటికంటే లేటుగా వచ్చాం కదా! బస్సులో, ఊరూరా ఆగుతా వచ్చాం కదా!"

నేను పొట్లం విప్పి చూపించాను. "మీ సీట్లోదండీ."

ఆయన పొడి వైపు చూశాడు. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాడు. యార్డులో సరుకు చూసే అలవాటు అది, చెయ్యి దానంతటదే పోయింది. నలుపుతూ నలుపుతూ ఆగిపోయాడు. ముఖంలో నెత్తురు లేదు.

"ఆరుసార్లు తీసుకొచ్చాను దీంట్లో" అన్నాడు. "అద్దాలు నేనే ఎత్తాను. ఆరుసార్లూ నేనే ఎత్తాను మస్తానూ."

ఇల్లంతా కడిగి, గోడౌను మార్చి, ఒంటి మీది చొక్కా కూడా బయటే విడిచిన మనిషి. కారు ఒక్కటి తట్టలేదు. కారు ఆయనకి వైద్యం వైపున ఉండేది, జబ్బు వైపు కాదు.

లోపల మంచం మీద ఆమె దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. "క్షమించక్కా" అన్నాను. జరిగిందంతా చెప్పాను. ఆమె మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"ప్రతిసారీ బస్సులో తీసుకెళ్లమని అడిగాను తమ్ముడూ" అంది ఊపిరి ఆపి ఆపి తీసుకుంటూ. "కారెక్కితే నాకు ఎక్కువవుతోంది, బస్సులో పోదాం అని. మీ బావ వినలా."

"ఆయాసంలో పలవరిస్తున్నావనుకున్నా" అన్నాడు ఆయన తల వంచుకుని.

కారు లోపలి సామానంతా పీకేసి మూడుసార్లు కడిగాను. సీట్లు కొత్త పీచుతో కట్టించాను. చిల్లులకు రేకు ముక్కలు వేయించాను. తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగా ఉండేదాకా వదల్లేదు. వెంకటేశ్వర్లుగారు మచ్చుల కోసం పాత మోటార్‌సైకిలు కొన్నాడు. నెల తర్వాత కారు వాళ్ల వాకిట్లో నిలబెట్టి, అద్దాలెత్తి కూర్చుని చూడమని శకుంతలక్కని అడిగాను. ఆమె కూర్చున్నంతసేపూ బయట తలుపు పిడి పట్టుకునే నిలబడ్డాను. ఆమె అద్దం దించి, "ఇప్పుడు మామూలు కారులాగే ఉంది" అంది. ఆ కారు తర్వాత అరవై దాటి పోయిందని నేను వినలేదు. నేను తెప్పించిన పికప్‌తో ఎవరికీ పని పడలేదు.

ఇప్పుడు ఏ బండి వచ్చినా, బానెట్ ఎత్తే ముందు వెనక సీట్లో కూర్చునేది ఎవరో అడుగుతాను. వాళ్లని తీసుకురమ్మంటాను. కొందరు నవ్వుతారు, మెకానిక్కువా డాక్టరువా అని. నవ్వనీ. ఆ పన్నెండు రోజులు నేను ఇంజిను చప్పుడు చెవి పెట్టి విన్నాను, వాల్వు చప్పుడు విన్నాను, సైలెన్సర్ చప్పుడు విన్నాను. ఎవరి ఊపిరి కోసం అంత పనీ చేశానో, ఆమె పది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. "కారులో నీకెలా ఉంటోందక్కా?" అని ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేది. రెండేళ్లుగా చెబుతూనే ఉంది.